కళ్ల కింద నలుపా, నీలమా, నీడా?

ఈ సంచికకు ఎంచుకున్న ప్రశ్నలన్నీ కళ్ల కింది నలుపు గురించే. ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘ఏ క్రీము వాడమంటారు?’ అనే దగ్గరే ఆగాయి. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దది. మిగతావి చదివే ముందు అది చదవండి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. టీచర్‌ని. రెండేళ్లుగా కళ్ల కింద నల్లగా ఉంది. ఇప్పటికి మూడు అండర్ ఐ క్రీములు మార్చాను. ఒక్కటీ పనిచేయలేదు. ఏది వాడితే పోతుంది? (కరీంనగర్)

జవాబు: క్రీము సంగతి తర్వాత. ముందు అద్దం తీసుకుని పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చోండి. ట్యూబ్‌లైట్ కింద చూసుకోవద్దు, పైనుంచి పడే వెలుగులో ఎవరి కళ్ల కిందైనా నీడ పడుతుంది. కాటుక, పౌడరు పూర్తిగా తుడిచేయండి. ఇప్పుడు కంటి కింది చర్మాన్ని వేలితో చెంప వైపు మెల్లగా లాగి చూడండి.

రంగు చర్మంతో పాటే కదిలి, అంతే ముదురుగా ఉంటే అది మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. గోధుమ ఛాయలో కనిపిస్తుంది. మన ఒంటిరంగు వాళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే. లాగినప్పుడు నీలం, ఊదా రంగు మరింత స్పష్టంగా కనబడితే అవి చర్మం కింది రక్తనాళాలు. కంటి రెప్ప చర్మం మందం అర మిల్లీమీటరు దగ్గరగా ఉంటుంది. ఒంట్లో ఇంత పలచని చర్మం ఇంకెక్కడా లేదు, అందుకే అడుగున ఉన్నది పైకి కనిపిస్తుంది. ఇక లాగగానే నలుపు చాలావరకు మాయమైనా, తల పైకెత్తి వెలుగు నేరుగా పడేలా చేస్తే పోయినా అది నీడ. కంటి కింద గుంట పడటం వల్లో, కొవ్వు సంచి ఉబ్బడం వల్లో పడే నీడ. అక్కడ రంగే లేనప్పుడు రంగు తగ్గించే క్రీము దేని మీద పనిచేస్తుంది? మీ మూడు క్రీములూ ఓడిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. చాలామందిలో ఈ మూడింట్లో రెండు కలిసే ఉంటాయి కాబట్టి ఏది ఎక్కువో చూసుకోండి.

మెలనిన్ అయితే మొదటి మందు సన్‌స్క్రీనే. అది లేకుండా మిగతావి రాయడం కుళాయి కట్టేయకుండా నేల తుడిచినట్టే. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50 ఉన్నది, జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్‌తో చేసినది తీసుకోండి. కంట్లోకి జారినా మంట తక్కువ. చర్మం రంగులో ఉండే టింటెడ్ రకమైతే అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగును కూడా కొంత అడ్డుకుంటుంది. ముదురు రంగు చర్మంలో మచ్చలు పెరగడానికి ఆ వెలుగూ ఒక కారణమే. మొహానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. బడి ఆవరణలో ఎండలో నిలబడే పని ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి.

దానికి తోడు పొద్దున నియాసినమైడ్ 4 లేదా 5 శాతం. రాత్రి అజిలాయిక్ యాసిడ్ 10 శాతం గానీ, కోజిక్ యాసిడ్ 1 శాతం గానీ, ఏదో ఒక్కటే. ఒక్కో కంటికి బియ్యపు గింజంత చాలు. రెప్ప అంచుకు రాయకండి. కంటి కింద వేలితో నొక్కితే తగిలే ఎముక మీద ఉంగరపు వేలితో చుక్కలు పెట్టి అద్దండి. మందు తనంతట తానే కొద్దిగా పైకి పాకుతుంది. కొత్తది మొదలుపెట్టినప్పుడు మొదటి వారం రోజు విడిచి రోజు రాసి, మంట, పొరలు రావడం లేదని తేలాకే రోజూ వాడండి. మంట పుట్టిస్తే ఆపేయాలి. మంట వచ్చిన చోట మన చర్మం మరింత నల్లబడుతుంది. ‘మంటపుడితే పనిచేస్తున్నట్టు’ అన్న మాట కంటి దగ్గర నమ్మవద్దు.

రక్తనాళాల నీలమైతే కెఫీన్ ఉన్న క్రీము కొన్ని గంటలు తేడా చూపిస్తుంది. నెలల మీద పని చేసేది రెటినాల్, అది చర్మాన్ని కాస్త దళసరి చేస్తుంది. కంటి దగ్గరకు 0.025 నుంచి 0.1 శాతం లోపుదే, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాలి. ముందు మాయిశ్చరైజర్, దాని మీద రెటినాల్, మళ్లీ మాయిశ్చరైజర్ రాస్తే పొడిబారడం తగ్గుతుంది. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాల్ ముట్టుకోకూడదు.

ఏదైనా 8 నుంచి 12 వారాలు వాడితేనే తీర్పు చెప్పగలం. నెలకో క్రీము మార్చేవాళ్లకు ఏదీ పనిచేయదు. అదే కిటికీ దగ్గర, అదే వేళకు నెలకో ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకునే కంటికి నెమ్మదిగా వచ్చే మార్పు ఆనదు.

ప్రశ్న: నిమ్మరసం, బంగాళదుంప రసం, శెనగపిండిలో పసుపు... ఇవి వంటింటివే కదా, హాని ఏముంటుంది? అందరూ చెబుతున్నారు. (ఏలూరు)

జవాబు: నిమ్మకాయను వదిలిపెట్టండి. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, మన చర్మానిది 5 చుట్టుపక్కల. ఆ పులుపు పలచని చర్మాన్ని కాలుస్తుంది. పైగా నిమ్మ జాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, తర్వాత నెలల తరబడి ఉండే నల్లమచ్చలు వస్తాయి. నలుపు పోవాలని రాసింది నలుపు తెస్తుంది. తినే సోడా, టూత్‌పేస్టు కూడా ఇదే జట్టు.

శెనగపిండి, బియ్యప్పిండి, సున్నిపిండి దోషం వేరు. వాటిలో కాల్చే గుణం ఏమీ లేదు, రుద్దడమే సమస్య. చేతులకు, కాళ్లకు నలుగు పెట్టుకోండి, కళ్ల కింద మాత్రం వద్దు. అక్కడ రాపిడి జరిగిన కొద్దీ చర్మం మెలనిన్ తయారు చేసుకుంటుంది. నిద్ర లేవగానే పిడికిలితో కళ్లు నులుముకునే అలవాటు ఉన్నవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు. పసుపు కొందరికి పడదు, దురద వచ్చి నల్లబడుతుంది.

బంగాళదుంప, కీరదోస ముక్కలతో ప్రమాదం లేదు. అవి చేసే మేలు చల్లదనం వల్లే. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఉబ్బు దిగుతుంది, గంటో రెండు గంటలో బాగుంటుంది. ఆ పనికి ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచిన రెండు స్పూన్లు కూడా సరిపోతాయి. గ్రీన్ టీ సంచులను నాలుగైదు నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, నీళ్లు పిండేసి మూసిన కళ్ల మీద పది నిమిషాలు పెట్టుకోవచ్చు. ఐస్ ముక్కను నేరుగా ఆనించకండి. బాదం నూనె ఒక చుక్క పొడిబారిన చర్మానికి మంచిదే, నలుపు పోగొట్టేంత శక్తి దానికి లేదు. కళ్ల చుట్టూ చిన్న తెల్ల గింజలు వచ్చేవాళ్లు అదీ మానాలి.

నిమ్మకాయకు సరైన చోటు ఒకటుంది, పప్పులోనో తోటకూరలోనో. ఎందుకో తర్వాతి జవాబులో చూడండి.

ప్రశ్న: వయసు 34. నెలసరి ఎక్కువగా అవుతుంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలుతోంది. మొహం పాలిపోయి కళ్ల కింద మాత్రం నల్లగా కనిపిస్తోంది. నిద్ర బాగానే పడుతుంది. (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మీకు కావలసింది క్రీము కాదు, రక్తపరీక్ష. రక్తం తగ్గితే చుట్టూ చర్మం పాలిపోతుంది, దాంతో కంటి కింద అప్పటికే ఉన్న నీలం ఎత్తి చూపినట్టు కనబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతకు తక్కువ లేదు. కాబట్టి ఇది అరుదైన సంగతేమీ కాదు.

పూర్తి రక్తపరీక్ష, ఫెరిటిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ చేయించండి. గర్భం లేని స్త్రీలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. హిమోగ్లోబిన్ 12 దాటినా ఫెరిటిన్ బాగా తక్కువ ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటాయని అర్థం. జుట్టు రాలడం, నీరసం ఆ దశలోనే మొదలవుతాయి. నెలసరి ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్టుకు చూపించాలి. కుండ చిల్లు పూడ్చకుండా ఎన్ని నీళ్లు పోసినా నిండదు.

ఐరన్ మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులో పరగడుపున నీళ్లతో వేసుకుంటే బాగా ఒంటికి పడతాయి. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి, మానేయడం కంటే అది మేలు. రోజూ పడనివాళ్లకు రోజు విడిచి రోజు ఇవ్వడమూ ఉంది. ఒక రోజు వేసుకున్న ఐరన్ మర్నాటి మాత్రను పేగులు పీల్చుకోవడాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి ఆ పద్ధతిలో నష్టం పెద్దగా లేదు. విరేచనం నల్లగా రావడం మామూలే. కాల్షియం మాత్రను అదే పూట వేసుకోకండి. టీ, కాఫీ భోజనానికి ముందూ వెనకా గంట దూరంలో ఉంచండి. వాటిలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి. పప్పులో, ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే మొక్కల నుంచి వచ్చే ఐరన్ ఎక్కువగా ఒంటపడుతుంది. సజ్జలు, ఉలవలు, మునగాకు, తోటకూర తినండి. మాంసం తినేవాళ్లకు కాలేయం, మటన్ ఇంకా మేలు. అయితే రక్తం బాగా తగ్గాక తిండి ఒక్కదానితో పైకి తేలేరు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండేందుకు దాదాపు మూడు నెలలు మాత్రలు సాగించాలి. చాలామంది ‘12 వచ్చేసింది’ అని ఆపేసి, ఆరు నెలలకు మళ్లీ మొదటికి వస్తారు.

ఇంట్లో బడికెళ్లే ఆడపిల్లలుంటే ఒక మాట. వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర రక్తం తగ్గకుండా కాపాడటానికి. అప్పటికే తగ్గినవాళ్లకు అది చాలదు, వైద్యం విడిగా కావాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, రాత్రి షిఫ్టు. వయసు 26. వారాంతంలో పది గంటలు పడుకున్నా నలుపు పోవడం లేదు. రోజూ నాలుగు లీటర్ల నీళ్లు తాగుతున్నాను. స్క్రీన్ వెలుగు వల్లేనా? (గచ్చిబౌలి)

జవాబు: స్క్రీన్ వెలుగు కన్నా, స్క్రీన్ చూస్తూ రెప్ప కొట్టడం మర్చిపోవడం అసలు గొడవ. కళ్లు పొడిబారతాయి, మండుతాయి, మీరు నులుముతారు. ఇరవై నిమిషాలకోసారి దూరంగా ఉన్న దాన్ని ఇరవై సెకన్లు చూడండి. మంట తగ్గకపోతే కంటిని తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకోవచ్చు. ఏసీ గాలి మొహం మీద నేరుగా కొట్టకుండా చూసుకోండి.

నిద్ర తక్కువైతే మొహం పాలిపోయి, కంటి కింద ఉబ్బు చేరి నలుపు ఎక్కువ కనిపిస్తుంది, నిజమే. కానీ మూలం మెలనిన్ అయితే పది గంటలు కాదు, ఇరవై గంటలు పడుకున్నా అది అలాగే ఉంటుంది. లాగి చూసే పరీక్ష చేయండి. శని, ఆదివారాల్లో పడుకుని బాకీ తీర్చడం కంటే రోజూ ఒకే వేళకు పడుకోవడం మేలు. షిఫ్టు దిగి ఇంటికొచ్చే దారిలో పొద్దుటి ఎండ నిద్రను చెదరగొడుతుంది, చర్మాన్నీ నల్లబరుస్తుంది. బండి మీద వచ్చేవాళ్లయితే యూవీ 400 అని రాసున్న చల్లద్దాలు రెంటికీ పనికొస్తాయి. గదికి మందపాటి కర్టెన్లు. చివరి కాఫీ పడుకోవడానికి కనీసం ఆరు గంటల ముందు.

నాలుగు లీటర్ల నీళ్లు కళ్ల కింద ఏమీ చేయవు. దాహానికి తగినన్ని తాగితే చాలు. ఉప్పు మాత్రం లెక్కలోకి వస్తుంది. అర్ధరాత్రి నూడుల్స్, చిప్స్, ఊరగాయతో పెరుగన్నం తిని పడుకుంటే లేచేసరికి కళ్లు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు కింద నీడ. తలగడ ఇంకొకటి వేసుకుని తల కాస్త ఎత్తులో పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఇంత చిన్న వయసులోనే కళ్ల కింద ముసలివాళ్లకున్నట్టు నల్లగా ఉంది. ఎప్పుడూ ముక్కు నలుపుతుంటాడు. నోరు తెరిచి పడుకుంటాడు. దిష్టి అంటున్నారు మా అత్తగారు. (నిజామాబాద్)

జవాబు: దిష్టి తీయడం వల్ల నష్టం లేదు, దాంతోపాటు ముక్కు సంగతి చూడండి. మీరు రాసిన మూడు గుర్తులూ ముక్కు ఎలర్జీవే. ముక్కు లోపలి పొర వాచినప్పుడు కంటి కింది సిరల్లోంచి రక్తం సాఫీగా దిగదు. అక్కడే నిలిచి నీలంగా, నల్లగా కనబడుతుంది. కళ్ల దురదతో వాడు నులిమే కొద్దీ దాని మీద మెలనిన్ చేరుతుంది. పిల్లలకు కంటి కింద ఏ తెల్లబరిచే క్రీమూ రాయకూడదు.

ఎలర్జీకి కారణం చాలాసార్లు పరుపులోని దుమ్ము పురుగులు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. వాషింగ్ మెషీన్ లేకపోతే మరుగుతున్న నీళ్లు పోసి నానబెట్టండి. దూది బొమ్మలు మంచం మీద వద్దు. వాడు గదిలో ఉండగా చీపురుతో ఊడవకండి, తడిబట్టతో తుడవండి. ఇంటి చుట్టూ వయ్యారిభామ మొక్కలుంటే పూతకు రాకముందే పీకించండి. పీకేవాళ్లు చేతికి తొడుగులు వేసుకోవాలి, ఆ మొక్క చర్మానికీ పడదు.

ముక్కు కడగడం నేర్పండి. మరిగించి చల్లార్చిన 240 మిల్లీలీటర్ల నీళ్లలో అర టీస్పూను కన్నా తక్కువ ఉప్పు, చిటికెడు తినే సోడా. కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. దీంతో లొంగకపోతే పిల్లల డాక్టర్ ముక్కులో కొట్టే స్ప్రే రాస్తారు. స్టెరాయిడ్ అని భయపడకండి, ఆ మోతాదు చాలా తక్కువ. అయితే రోజూ కొట్టాలి, ఫలితం పూర్తిగా తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొన మధ్య గోడ వైపు కాకుండా అటు చెవి వైపు తిప్పి కొట్టాలి. మధ్య గోడకు కొడితే రక్తం కారుతుంది, తల్లులు అక్కడే ఆపేస్తారు. రాత్రి గురక కూడా ఉంటే, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచాయేమో తెలుసుకోవడానికి చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించండి.

ఒక జాగ్రత్త. నలుపు కాదు, పొద్దున్నే రెండు కళ్లూ బాగా వాచి, మూత్రం నురగగా వస్తుంటే అది ఎలర్జీ కాకపోవచ్చు. వెంటనే మూత్రపరీక్ష చేయించాలి.

ప్రశ్న: మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే పది రోజుల్లో నలుపు పోయింది. ఏడు నెలలుగా రాస్తున్నాను. ఆపితే మొహం ఎర్రబడి మండుతోంది, మునుపటి కంటే నల్లబడింది. (అనంతపురం)

జవాబు: ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో మోమెటాసోన్ లాంటి పేరు కనిపిస్తే మీరు ఏడు నెలలుగా స్టెరాయిడ్ రాస్తున్నారు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అన్నవీ అవే. మొదట తెల్లబడటం స్టెరాయిడ్ చలవే. తర్వాత చర్మం పలచబడి కింది రక్తనాళాలు బయటపడతాయి, ఆపగానే మంట తిరగబడుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. ఆ ఉచ్చులోంచి బయటికి రావాలి. కంటి దగ్గర అయితే ఇంకో ముప్పు, కంటి లోపలి ఒత్తిడి పెరగడం, శుక్లాలు. హైడ్రోక్వినోన్‌ను డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఏళ్లు రాసినవాళ్లకు బూడిద నీలం మచ్చలు పడతాయి, వాటిని పోగొట్టడం చాలా కష్టం.

అందుకే 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. కౌంటర్ దగ్గర అడిగితే ఇస్తున్నారంటే అది నియమం మేరకు ఇస్తున్నది కాదు.

మీరు మళ్లీ రాయకండి. చర్మ డాక్టర్‌కు ట్యూబు చూపించండి. టాక్రోలిమస్ లాంటి వేరే మందుతో మంటను అదుపు చేస్తారు. అంతవరకు వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ వద్దు, ఫేస్‌వాష్ కూడా మెత్తనిదే. మునుపటి చర్మం రావడానికి నెలలు పడుతుంది. కంటి డాక్టర్ దగ్గర ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి నీటికాసులు (గ్లకోమా). రాత్రిపూట చుక్కల మందు వేస్తున్నాం. ఏడాదిగా కళ్ల చుట్టూ నల్లబడి, కళ్లు లోపలికి పోయినట్టున్నాయి. ఆపేయమంటారా? (గుంటూరు)

జవాబు: ఆపకండి. ఆపితే పోయేది చూపు, పోయిన చూపు తిరిగి రాదు. బైమాటోప్రోస్ట్, లాటానోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ రకం చుక్కలకు ఈ రెండు లక్షణాలూ తెలిసినవే. కంటి డాక్టర్‌కు చెబితే వేరే రకానికి మార్చగలరేమో చూస్తారు. మార్చాక కొన్ని నెలల్లో నలుపు చాలావరకు తగ్గుతుంది. ఈలోగా ఒక్క చుక్కే వేయండి, రెండోది బయటికే కారుతుంది. వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టి, చెంప మీదికి కారినదాన్ని వెంటనే తడి దూదితో అద్దేయండి.

ప్రశ్న: మా అమ్మకీ, అమ్మమ్మకీ ఇలాగే ఉంది. మాఘమాసంలో నా పెళ్లి. రెండు నెలలే ఉంది. లేజర్, ఫిల్లర్, పీల్... ఏది చేయించుకోవాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: మూడు తరాలుగా వస్తున్నది రెండు నెలల్లో పోదు. ముప్పాతిక వంతు పని నలుపును కప్పే కన్సీలర్‌కు వదిలేస్తే మీకూ మనశ్శాంతి. అయినా అడిగారు కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాం.

పీల్ (చర్మం పై పొరను రాల్చే పూత): కంటి కిందికి లాక్టిక్ యాసిడ్ లాంటి తేలికైనవే వాడతారు, రెండు మూడు వారాల ఎడంతో నాలుగైదు సార్లు. మెలనిన్ రకానికే ఉపయోగం. చివరిది పెళ్లికి నెల ముందే అయిపోవాలి, కాబట్టి మీ రెండు నెలల్లో అన్నిసార్లూ పట్టవు. పొరలు లేచినప్పుడు గిల్లితే పడే మచ్చ పెళ్లి ఫొటోల్లో ఉంటుంది. లేజర్: క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ రకం మెలనిన్‌కు వాడతారు. ఒక్కసారితో కాదు, పలుసార్లు. శక్తి ఎక్కువ పెడితే మన రంగు చర్మం ఇంకా నల్లబడుతుంది. రెండు నెలల గడువులో మొదటిసారి ప్రయత్నించాల్సింది కాదు.

ఫిల్లర్ గుంట వల్ల పడే నీడకే. హయలురానిక్ యాసిడ్ జెల్‌ను ఎముక దగ్గర లోతుగా ఇస్తారు. పైపైన ఇస్తే చర్మం కింద నీలంగా కనిపిస్తుంది, నలుపు పోయి నీలం వచ్చినట్టు. కళ్ల కింద సంచులు ఉబ్బి ఉన్నవాళ్లకు ఇస్తే ఉబ్బు పెరుగుతుంది. అరుదే అయినా అసలు ప్రమాదం, జెల్ రక్తనాళంలోకి పోతే చూపు పోవచ్చు. అందుకని బ్యూటీ పార్లర్‌లో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చర్మ డాక్టర్, ప్లాస్టిక్ సర్జన్ లేదా కనురెప్పల సర్జరీ చేసే కంటి డాక్టర్ దగ్గరే. ‘జెల్‌ను కరిగించే హయలురానిడేజ్ మీ దగ్గర సిద్ధంగా ఉందా?’ అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి. సొంత రక్తం నుంచి తీసి ఇచ్చే పీఆర్‌పీకి చెప్పే గొప్పంత ఫలితం అందరిలో కనబడదు.

ఇప్పటి నుంచి సన్‌స్క్రీన్, నియాసినమైడ్ మొదలుపెట్టండి. నలుగు పెట్టే రోజు కళ్ల చుట్టూ వదిలేయమని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. కన్సీలర్ విషయంలో చాలామంది చేసే పొరపాటు, నలుపు మీద నేరుగా తమ రంగు కంటే తెల్లటిది రాయడం. అది బూడిద పూసినట్టవుతుంది. ముందు నారింజ లేదా పీచ్ రంగు కరెక్టర్‌ను నలుపు ఉన్నంత మేరకే పలచగా అద్దాలి. ఒక నిమిషం ఆగి, దాని మీద మీ చర్మం రంగు కన్సీలర్. పౌడరు చాలా కొద్దిగా, ఎక్కువైతే మధ్యాహ్నానికి గీతలు తేలతాయి. పెళ్లికి వారం ముందే ఒకసారి వేయించి, పగటి వెలుగులో ఫొటో తీసి చూసుకోండి. తీసేటప్పుడు రుద్దకుండా, మేకప్ రిమూవర్‌లో తడిపిన దూదిని మూసిన కంటి మీద అరనిమిషం ఉంచి కిందికి ఒక్క తుడుపు.

ప్రశ్న: 41 ఏళ్లు. కళ్ల చుట్టూ, మెడ వెనక, చంకల్లో కూడా నల్లగా, మందంగా అవుతోంది. రుద్దినా పోవడం లేదు. (విజయవాడ)

జవాబు: అది మురికి కాదు, రుద్దకండి. మెడ మీద మఖమల్‌లా దళసరిగా నల్లబడితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నడుము కొలత తగ్గితే మెడ నలుపు తగ్గడం మొదలవుతుంది, కంటి చుట్టూ ఉన్నది ఆ తర్వాత, ఇంకా నెమ్మదిగా.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. చలికాలం వచ్చిందంటే రెప్పలు పొడిబారి దురద, తర్వాత నలుపు. ఈసారి జుట్టుకు రంగు వేసుకున్న రెండో రోజు రెప్పలు వాచాయి కూడా. (ఎడిసన్)

జవాబు: రెండు కారణాలు కలిశాయి. హీటరు గాలి తేమను లాగేస్తుంది. గదిలో తేమ 40 శాతం దాటేలా చూసుకోండి. గోరువెచ్చని నీళ్లతోనే మొహం కడిగి, తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్, పడుకునేముందు రెప్పల మీద పలచగా పెట్రోలియం జెల్లీ.

వాపుకు అనుమానించాల్సింది హెయిర్ డైలోని పీపీడీ అనే రసాయనం. రంగు పడింది నెత్తి మీదైనా, పలచని రెప్పలే ముందు వాస్తాయి. నల్ల మెహందీ పొట్లాల్లోనూ చాలావాటిలో అదే ఉంటుంది, ‘హెర్బల్’ అన్న మాట చూసి మోసపోవద్దు. వాచినవాళ్లు ఇంట్లో మళ్లీ ప్రయత్నించి చూడకూడదు. రెండోసారి ఇంకా తీవ్రంగా వస్తుంది. ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్‌ను చర్మ డాక్టర్ దగ్గర చేయించుకోండి. గోళ్ల రంగు కూడా కంటిని తాకిన చేతి ద్వారా రెప్పల మీదే బయటపడుతుంది, దాన్నీ ఒక నెల ఆపి చూడండి. దురద ఆగితే కొత్త నలుపు ఆగుతుంది, పాతది తగ్గడానికి ఆరు నెలలు పట్టినా కంగారు పడకండి.

ప్రశ్న: కళ్లజోడు వల్ల ముక్కుకు రెండు పక్కలా, కంటి మూలల్లో నల్ల మచ్చలు పడ్డాయి. (ఖమ్మం)

జవాబు: బరువుకు, రాపిడికి పడినవి. ముక్కు మీది ప్యాడ్లు సిలికాన్‌వి వేయించి, ఫ్రేము జారకుండా షాపులోనే బిగింపు సరిచేయించండి. అద్దాలు ఎక్కువ పవరువైతే సన్నగా చేసే హై ఇండెక్స్ రకం అడగండి. ప్యాడ్ల మీద చెమట, జిడ్డు చేరకుండా రోజూ సబ్బునీళ్లతో కడిగి పొడిగా తుడవండి. ఇంట్లో చదవని వేళ జోడు తీసి పక్కన పెట్టండి.